నత్త నడక

విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న దుకాణం గుమ్మంలో దర్జీ పక్కన కూర్చున్న మనవరాలినే చూస్తున్నాడు. వెనక ఆయన భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

“అద్దం పలక పైకెత్తి ఏం చూస్తున్నారే వాళ్లిద్దరూ?”

“నత్తనట. కింది నుంచి చూస్తే అదెలా నడుస్తుందో కనిపిస్తుందట. పొద్దున్నుంచీ అదే గొడవ.”

“నత్త గురించి నేను చెప్పలేదా? బొమ్మ గీసి, రంగులేసి, భాగాల పేర్లన్నీ రాసిచ్చాను కదా!”

“ఇచ్చారు. భద్రంగా దాచుకుంది.”

“చూడటానికి మాత్రం దర్జీ కావాల్సొచ్చాడు! కాజాలు కుట్టేవాడికి ఏం తెలుసు?”

“తెలీదనే చెప్పాడట. ‘ఇద్దరం కలిసి చూద్దాం తల్లీ’ అన్నాడట. ఏం, కడుపు మంటగా ఉందా?”

“మంటా, నా మొహమా! పిల్లకి తప్పులు నేర్పుతాడేమోనని.”

“నేర్పాడేమో మరి. నత్త పాకేటప్పుడు దాని పాదంలో కదిలే అలలు తోక నుంచి తలవైపుకి వెళ్తాయంటోంది.”

“చూశావా! తల నుంచి తోకవైపుకి. ముప్పై ఏళ్లు బోర్డు మీద బాణం గుర్తు అలాగే వేశాను.”

“ఒక్కసారైనా చూసి వేశారా?”

ఎదురుగా మనవరాలు చప్పట్లు కొట్టింది.

“నా దగ్గర ఎప్పుడైనా అలా చప్పట్లు కొట్టిందా?”

“మీరు చెప్పడం పూర్తయ్యేలోపే నిద్రపోయేదిగా.”

“వేళాకోళం చాలు. ఆ చదువుకునే కళ్లజోడు ఇలా ఇవ్వు. వెళ్లి తప్పు దిద్దొస్తాను.”

“ఎవరి తప్పు?”

“చూశాక చెబుతాను.”