తాడు పట్టే చెయ్యి

ఎత్తైన గోడకు రంగు వేయడానికి మామ నడుముకు తాడు కట్టుకున్నాడు. కింద నిలబడి ఆ తాడు పట్టుకోవలసింది అల్లుడు. ఎక్కే ముందు తన మణికట్టు అతని చేతికిచ్చి పట్టు చూసుకోవడం మామకు అలవాటు.

“గట్టిగా పట్టు.”

“పట్టాను మామయ్యా.”

“పట్టావా? ఈగ వాలిందనుకున్నాను.”

“బొటనవేలు కాస్త లాగుతోంది, అంతే.”

“పొద్దస్తమానం ఫోన్‌ రుద్దుతుంటే లాగక ఏం చేస్తుంది? ఇంకోసారి పట్టు.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు రెండు ఈగలు.”

“మీరు ఎక్కండి, నేను చూసుకుంటానుగా. ఆలస్యమైతే మేస్త్రీ ఊరుకోడు.”

“సరే, ఎక్కుతున్నాను.”

“మామయ్యా, ఆగండి.”

“మళ్లీ ఏమిటి?”

“పొద్దున నీళ్ల సీసా మూత నాకు రాలేదు. మీ అమ్మాయే తీసింది.”

“ఆ మాట ముందే చెప్పొద్దూ? వెళ్లి దాన్ని పిలుచుకురా. ఇవాళ తాడు అది పడుతుంది.”