చెప్పకుండా పెట్టిన పెట్టె

మలేషియాలోని జొహోర్‌లో డ్రాగ్ రేసు గెలిచిన తన్మయి, రేసయ్యాక జరిగిన కార్ల చెకింగ్‌లో ఓడిపోయి సింగపూర్‌లో తాముండే బుకిట్ బటోక్ చేరింది. ఫ్లాట్ కింద కార్ పార్కులోనే, తన కారులో దొరికిన నల్ల పెట్టెను భర్త చేతిలో పెట్టింది.

“ఇది నా కారులోకి ఎలా వచ్చింది?”

“నేనే పెట్టా. టైర్లు జారితే పవర్ తగ్గిస్తుంది, అంతే.”

“ఎలక్ట్రానిక్ సాయం ఏదీ ఉండకూడదని మా క్లబ్ రూలు. నీకు తెలీదా?”

“నీకేమన్నా అవుతుందని భయమేసింది.”

“నీ కారులోనూ పెట్టుకున్నావా?”

అతను పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పెట్టుకోలేదు. నీకు డ్రైవింగ్ వచ్చు, నాకు రాదు. అంతేగా?”

“అది కాదు తన్మయీ. దాని మెమరీ మీ క్లబ్ వాళ్ళని చూడమందాం. అసలు పనిచేసిందో లేదో తెలుస్తుంది.”

“చూశారు. ఒక్కసారి కూడా పనిచేయలేదు. నాలుగు రౌండ్లూ నేనే నడిపా.”

“మరింకేం? అప్పీల్ చేద్దాం.”

“బండిలో ఉంటే చాలు, పనిచేసిందా లేదా అనవసరం. పోయినేడు చెకింగ్ డ్యూటీలో ఉండి, ఇదే రూలుతో మా క్లబ్ కౌశల్‌ని నేనే రేసు నుంచి ఇంటికి పంపా. ఎంత బతిమాలాడో. ఇప్పుడు నాకో న్యాయమా?”

“మరేం చేద్దాం?”

“సాయంత్రం క్లబ్ మీటింగుంది, నువ్వూ రా. ఎవరు పెట్టారో అందరి ముందు చెప్పు. నా భార్యకి నడపడం రాదనుకున్నానని కూడా చెప్పు.”