చంద్రుడి దాకా అమ్ముడుపోయిన ట్యూను

కీబోర్డు మాస్టారు నోరు తెరిచాడంటే టీకొట్టు బాబాయ్ స్టవ్వు మంట తగ్గించేస్తాడు. కథ నడుస్తున్నంతసేపూ టీ అడిగే నాథుడుండడు, అయిపోగానే అందరూ ఒక్కసారే అడుగుతారు. ఇన్నేళ్లలో బాబాయ్‌కి అది అలవాటైపోయింది.

ఆ సాయంత్రం మాస్టారి భార్య వీధి మలుపు తిరిగేసరికే మంట తగ్గి ఉంది. దూరం నుంచే అది చూసి ఆమె అడుగు వేగం పెంచింది. ఎందుకంటే ఆమె పక్కన సినిమా డైరెక్టరమ్మ నడుస్తోంది.

మాస్టారు పిల్లలకి కీబోర్డు నేర్పుతాడు, మిగతా వేళల్లో తలుపేసుకుని సొంతంగా ట్యూన్లు కడతాడు. భార్య పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఆయన కట్టినవన్నీ ఆ గదిలోనే పడి ఉండటం చూడలేక, మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళల్లో ఒక్కొక్కటే ఇంటర్నెట్లో ఎక్కించడం మొదలుపెట్టింది. "పాట మనదే ఉంటుందండీ. సినిమాకో ప్రకటనకో వాడుకునే హక్కు మాత్రం ఇస్తాం, ఇల్లు అద్దెకిచ్చినట్టు" అని చెబితే, "నా పాటకి టులెట్ బోర్డు కడతావన్నమాట" అని నవ్వేశాడాయన. ఆ బోర్డు వైపు చాలాకాలం ఎవరూ తొంగి చూడలేదు. చివరికి ఈ డైరెక్టరమ్మ రాసింది. షూటింగుకి వెళ్తూ దారిలో ఆగి, మనిషిని చూసి, మాట్లాడి పోతానంది. మాస్టారికి చెబుదామంటే ఫోను ఎత్తడు. కథ మధ్యలో మోగితే ఊపు పోతుందని టీకొట్టులో కాలు పెట్టగానే ఆపేస్తాడు.

నడుస్తూ నడుస్తూ డైరెక్టరమ్మ అంది: "మీవారి వాన ట్యూను నా సినిమా మొదట్లో వస్తుంది, మళ్లీ చివర్లో వస్తుంది. ఒకటే షరతు. అది ఇంతకుముందు ఎవరికీ ఇచ్చి ఉండకూడదు. కిందటి సినిమాకి ఇలాగే ఒక పాట తీసుకున్నాను. తీరా విడుదల ముందు ఎవరో ఊడిపడి, ఆ పాట నాకెప్పుడో రాసిచ్చేశారన్నాడు. సినిమా అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు ఆవగింజంత అనుమానం వచ్చినా వదిలేసి వెళ్లిపోతాను, ఏమీ అనుకోకండి."

"ఎవరికీ ఇవ్వలేదండీ, పూచీ నాది" అంది ఆమె.

సరిగ్గా అప్పుడే కొట్టులోంచి మాస్టారి గొంతు ఖంగుమంది.

"ఆ వాన ట్యూను ఉందే, అది నా చేతిలో ఎప్పుడుంది బావా? అది పుట్టిన రోజే చెయ్యి దాటిపోయింది!"

ఆమె గబగబా ముందుకెళ్లి "ఏమండీ" అనబోయింది. డైరెక్టరమ్మ మెల్లగా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఉండండి. చెప్పనివ్వండి" అని వెనక బెంచీ మీద, రోజూ కథ వినడానికొచ్చే టైలర్ వెనకాల కూర్చుంది. ముఖంలో ఇందాకటి చిరునవ్వు లేదు.

మాస్టారికి జనం కనబడ్డారు గానీ మనుషులు కనబడలేదు. చేతులు గాల్లో ఆడిస్తూ సాగిపోతున్నాడు.

"కిటికీ తీసి వాయిస్తున్నానా, కింద రోడ్డు మీద కారు ఆగింది, ఏదో పంక్చరనుకున్నాను, కాదు, సబ్బుల కంపెనీ పెద్దాయన, ట్యూనుకి చెవి ఒగ్గి మెట్లెక్కి వచ్చేశాడు. 'ఈ ట్యూను మాకు కావాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు, ప్రపంచం మొత్తానికి హక్కులు మావే' అన్నాడు. సరే పోనీ అని సంతకం పెట్టేశాను."

"ఎంతిచ్చాడు బావా?" అన్నాడు టైలర్, మెడలో టేపు సరిచేసుకుంటూ.

"డబ్బు మాటెత్తకు, సబ్బుల వాసన ఇంట్లోంచి ఇప్పటికీ పోలేదు. ఇదిగో, మా ఆవిడ కూడా వచ్చింది! అడగండి కావాలంటే. ఆ రోజు ఆయనకి కాఫీ ఇచ్చింది ఆవిడే!"

తలలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. డైరెక్టరమ్మ తల కూడా. భార్య కళ్లతో సైగ చేసింది, కనుబొమలెగరేసింది, పెదవి కొరికింది. ఆయనకవన్నీ మెచ్చుకోళ్లలాగే కనబడ్డాయి. పెళ్లయినప్పటి నుంచీ ఆయన మాటని నలుగురిలో ఆమె ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు ఔనంటే పని చెడుతుంది, కాదంటే మనిషి చెడతాడు. డైరెక్టరమ్మ చెయ్యి అప్పటికే ఒళ్లోని సంచీ తాడు వెతుక్కుంటోంది.

అప్పుడు తట్టింది ఆమెకి. ఈ సబ్బుల అబద్ధం చిన్నది. చిన్నది కాబట్టే నమ్మేలా ఉంది. దీన్ని ఇక్కడ ఆపకూడదు, పెంచాలి. ఎంత పెంచాలంటే కట్టిన కోట బరువుకి పునాది కూడా కూలిపోవాలి.

"కాఫీ సంగతికేం గానీ, ఆ తర్వాత ఏమైందో అది చెప్పండి" అంది.

మాస్టారు పొంగిపోయాడు. భార్య అలా అడగడం ఇదే మొదలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆసుపత్రి వాళ్లొచ్చారు. లిఫ్టులో పెడతామన్నారు. సబ్బు వేరు, లిఫ్టు వేరు కదా అని ఇచ్చాను. పెట్టిన రోజు నుంచీ లిఫ్టెక్కినవాడు దిగడే! కింద పడుకోబెట్టి ఎక్కిస్తే, నాలుగో అంతస్తుకొచ్చేసరికి లేచి కూర్చుని, 'నాకేం జబ్బు లేదు, ఇంకో రౌండు తిప్పండి' అంటున్నారు. డాక్టర్లు నా కాళ్లావేళ్లా పడ్డారు."

డైరెక్టరమ్మ నవ్వలేదు. సబ్బులూ లిఫ్టూ రెండూ ఈ లోకంలో ఉన్నవే.

"లిఫ్టుతో ఆగిందా ఏమిటి? ఇంకా పైకి వెళ్లలేదూ?" అంది భార్య గబగబా.

"అదే చెబుతున్నా! బ్యాంకు వాళ్లు ఫోన్లో పెట్టారు, 'దయచేసి వేచి ఉండండి' అంటారే, అక్కడ. ఆఫీసరు ఫోనెత్తి 'చెప్పండి' అంటే అవతలివాడు తిడుతున్నాడు, 'ఉండవయ్యా, చరణం అవనీ' అని!"

కొట్టంతా గొల్లుమంది. బాబాయ్ గ్లాసు కడగడం ఆపి నవ్వాడు. డైరెక్టరమ్మ గడియారం చూసుకుంది.

"నేల మీద కబుర్లే చెబుతున్నారు. గాల్లో జరిగింది చెప్పండి" అంది భార్య.

మాస్టారు ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు, ఏ గాలి అన్నట్టు. మరుక్షణంలోనే అందుకున్నాడు.

"విమానం! మధ్యలో ఇంజను ఆగిపోయింది. పైలట్ ఏం చేశాడు? నా ట్యూను పెట్టాడు. విమానం పడకుండా అలా నిలబడిపోయింది, తల ఊపుతూ! పక్కన కొంగలు వరసకట్టి, రెక్కలతో తాళం వేస్తూ దాన్ని తీసుకెళ్లి మెత్తగా దించాయి."

"రెక్కలతో తాళమా?" అన్నాడు టైలర్.

"ఆది తాళం బావా. ఒక్క కొంగ తాళం తప్పితే మిగతావి ముక్కుతో పొడిచాయి కూడా."

"సముద్రంలో?" అంది భార్య.

"సముద్రంలో తిమింగలాలు! ఓడ వాళ్లు ట్యూను పెట్టారు, తిమింగలాలు విన్నాయి, నేర్చుకున్నాయి, ఇప్పుడవి పాడుకుంటున్నాయి. నీళ్లలో నా హక్కు చెల్లదని లాయరన్నాడు గానీ, వాటికే న్యాయం తెలుసు, నెలనెలా ముత్యాలు తెచ్చి ఒడ్డున పెడుతున్నాయి."

"ఇంకా పైకి..."

"చంద్రుడు!" అని లేచి నిలబడ్డాడు మాస్టారు. "రాకెట్లో పంపించారు. చంద్రుడి మీద పెట్టడానికి హక్కులు కొన్న మొట్టమొదటి ట్యూను నాది!"

"అక్కడ గాలుండదుటగా. గాలి లేనిదే పాటెలా వినబడుతుంది?" అన్నాడు బాబాయ్.

"అందుకేగా రెండో రాకెట్లో గాలి పంపించారు!"

ఈసారి డైరెక్టరమ్మ పగలబడి నవ్వింది. భార్య గట్టెక్కామనుకుంది.

నవ్వు ఆగాక, కళ్లు తుడుచుకుంటూ డైరెక్టరమ్మ అడిగింది: "చంద్రుడు బాగుంది మాస్టారూ. కొంగలూ బాగున్నాయి. మరి మొదట్లో చెప్పిన ఆ సబ్బుల కంపెనీ?"

కొత్త మనిషి, చదువుకున్న మనిషి, తన కథలో తేడా పట్టుకుని అడుగుతోంది. మాస్టారికి పౌరుషం వచ్చింది.

"అది మాత్రం కథ కాదు మేడమ్. తిమింగలాల దగ్గర కాస్త అటూ ఇటూ అయి ఉండొచ్చు. సబ్బు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సంతకం పెట్టాను, ఆ ట్యూను ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు. మా ఆవిడని అడగండి. అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు."

డైరెక్టరమ్మ నవ్వు చప్పున చల్లారింది. భార్య వైపు తిరిగింది.

స్టవ్వు మీద నీళ్లు సన్నగా మరుగుతున్నాయి. భార్యకి ఇంట్లో మాస్టారు గుర్తొచ్చాడు. నేర్చుకునే పిల్లలు ఒక్కొక్కరే మానేస్తుంటే ఏమీ అనకుండా కీబోర్డు మీద గుడ్డ కప్పేసే మనిషి. వంగిపోయిన భుజాలతో ఈ కొట్టుకొస్తాడు, నిటారుగా తిరిగొస్తాడు. ఆయన చెప్పేది వినే చోటు ఈ ఊళ్లో ఇదొక్కటే. ఇక్కడ ఆయన్ని తనే పడగొట్టాలి.

"ఏ సబ్బుల కంపెనీ రాలేదండీ" అంది ఆమె.

బాబాయ్ చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"మా ఇంటికి ఎవరూ రాలేదు. నేను ఎవరికీ కాఫీ ఇవ్వలేదు. ఆ ట్యూను ఇంతవరకూ ఎవరూ కొనలేదు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు." ఊపిరి పీల్చుకుని, మాస్టారి కళ్లలోకి చూస్తూ అంది, "ఈవిడ తప్ప. ఈవిడ సినిమా డైరెక్టరు. వాన ట్యూను కోసం వచ్చారు."

మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, జేబులో దోపుకున్నాడు.

"మీ మాట నమ్ముతానమ్మా. కానీ ట్యూను ఆయనది. ఆయన నోటితో వినాలి" అంది డైరెక్టరమ్మ.

మాస్టారు చుట్టూ చూశాడు. ఇన్నాళ్లూ తన మాటలకి చెవులప్పగించినవాళ్లందరూ ఎదురుగా ఉన్నారు. ఇంత చిన్న మాట చెప్పడం ఎంత కష్టమో ఆయన ముఖం చూసినవాళ్లకి తెలిసింది.

"ఎవరూ కొనలేదు" అన్నాడు.

"లిఫ్టు కూడా లేదా బావా?" అన్నాడు టైలర్, ఎవరో పోయారన్నంత దిగులుగా.

"లేదు బావా."

"అయితే నాకిస్తారా?" అంది డైరెక్టరమ్మ.

మాస్టారు తల ఊపాడు. పత్రాలు వారంలో పంపుతానని చెప్పి, ఆవిడ వాన ట్యూను పల్లవి సన్నగా కూనిరాగం తీసుకుంటూ వీధి చివర ఆపిన కారెక్కింది. అన్నట్టే పంపింది కూడా. సినిమా పూర్తయ్యేదాకా ఇంట్లో గ్యాసు బండకి, అద్దెకి డబ్బు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. కానీ అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం మాత్రం ఇంటికి నడుస్తూ ఆయన రెండడుగులు ముందే ఉన్నాడు.

"నలుగురిలో నా గాలి తీసేశావు."

"తీశాను" అంది ఆమె.

"రేపట్నుంచి అక్కడ నా మాట ఎవడు వింటాడు?"

రంగుల షాపు దాటారు, సైకిళ్ల షాపు దాటారు. అక్కడ ఆయన నడక నెమ్మదించింది.

"ఆవిడకి నిజంగానే నచ్చిందంటావా?"

"కారులో వస్తూ దారంతా అదే పెట్టుకుని విన్నారట."

"ఎంత దారి?"

"రెండు గంటలు."

ఆయన ఆగిపోయాడు. ఆమె కూడా ఆగి ఎదురుచూసింది. ఇప్పుడది రెండు రోజులవుతుంది, కారు గాల్లోకి లేస్తుంది, దారిలో చెట్లన్నీ వంగి వింటాయి. ఈసారి కాదనకూడదు, కావాలంటే కొంగల్ని తనే అందిద్దామనుకుంది.

"రెండు గంటలు" అన్నాడు మాస్టారు మెల్లగా, ఒక్క నిమిషం కూడా కలపకుండా.