పిల్లి నడక

హాలీవుడ్, 1946. ఒక కార్టూన్ స్టూడియోలో దర్శకుడు హాస్కెల్ గది. యుద్ధంలో కాలు దెబ్బతిని తిరిగొచ్చిన చిత్రకారుడు క్లెమెంట్ నడుస్తున్నాడు. అతని దగ్గరే పని నేర్చుకున్న ఇర్మా ఒళ్ళో కాగితాలు పెట్టుకుని గీస్తోంది.

"ఇంకోసారి నడువు, క్లెమెంట్. తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా."

"నాలుగుసార్లు నడిచాను కదండీ, హాస్కెల్ గారూ."

"ఐదోసారి నడువు. కిటికీలో పంజరం, పంజరంలో పిట్ట. నువ్వు పిల్లివి. రెండ్రోజులుగా తిండి లేదు."

"పిల్లికి కుంటి నడక ఎందుకండీ? కథలో లేదుగా."

"ఇప్పుడుంది. నిన్న కాఫీ కప్పు పట్టుకుని వరండాలో పోతున్నావు చూడు, నవ్వాపుకోలేకపోయాను."

"నన్ను చూసా?"

"నిన్ను కాదయ్యా, నడకని. ఇర్మా, వస్తోందా?"

"వస్తోందండీ. కాలు ఈడ్చేచోట కాస్త ఆగమనండి."

"ఆగితే పడతానమ్మా."

"పడితే మరీ మంచిది. పడు."

"హాస్కెల్ గారూ, మా పాప ప్రతి శనివారం సినిమాకి పోతుందండీ. తెరమీద మన పిట్ట కనిపిస్తే సీటెక్కి నిలబడుతుంది. ఈ నడక ఎవరిదో దానికి తెలీదా?"

"తెలిస్తే ఏం? హాలంతా నవ్వుతుంది, అదీ నవ్వుతుంది. నీకీ పిల్లిని గీసే పని వద్దంటే చెప్పు."

"వద్దనలేదండీ. ఇటలీలో యుద్ధం నుంచి వచ్చి ఆర్నెల్లయింది. ఇంకొకళ్ళ బొమ్మలకి మెరుగులు దిద్దుతూ కూచున్నాను. పిల్లిని ఇస్తానంటే వద్దంటానా?"

"మరి నడువు. ఆ... ఎగురు పంజరం మీదికి... అదీ. చూశావా ఇర్మా, గడ్డం సరిగ్గా కిటికీకి తగిలింది."

"గీశానండీ. రక్తం వస్తోంది, క్లెమెంట్ గారూ."

"పర్లేదమ్మా. ఏదీ, బొమ్మ చూపించు."

"బాలేదా?"

"బాగుంది. కానీ నొప్పి కాల్లో గీశావు. భుజంలో కనిపించాలి. అడుగు పడకముందే భుజం ముడుచుకుంటుంది, ఇదిగో ఇలా. పిట్ట చూస్తోందని పిల్లికి తెలుసు. అందుకని ముందు మొహాన నవ్వు తెచ్చుకుంటుంది, ఆ తర్వాతే అడుగేస్తుంది."

"అబ్బ, ఇది కావాలి నాకు. ఇర్మా, గీసుకున్నావా?"

"గీసుకున్నానండీ."

"ఇక చాలు."

"అయితే రేప్పొద్దున్నే వచ్చి మొదలెడతానండీ. ఆ దూకే చోట ముందు..."

"ఇర్మా, నువ్వు చెప్తావా?"

"నడక అయ్యాక మీరే చెప్తానన్నారుగా."

"నీ గురువు. నువ్వే చెప్పు."

"ఏంటమ్మా? ఏం చెప్పాలి?"

"పిల్లిని నాకిచ్చారండీ. సోమవారమే ఇచ్చారు. మీ బల్ల కూడా."

"మరి నేను?"

"మీ సామానంతా డబ్బాలో సర్ది గేటు దగ్గర పెట్టించాను, క్లెమెంట్ గారూ. వెళ్ళేటప్పుడు కాస్త మెల్లగా నడవండి, వెనకనుంచి ఇంకా గియ్యలేదు."