తేనెకి కాపలా కూర్చున్న మావగారు

ఏంటే అది, సీసాని అలా లైటుకి అడ్డంపెట్టి చూస్తున్నావ్? తేనా? ఎక్కడ కొన్నావు, తోట దగ్గరికే వెళ్ళి, వాళ్ళ చేతి మీదుగానే తీసుకున్నావా? మంచి పని చేశావు. మరి ఆ గ్లాసులో నీళ్ళెందుకు? ఓహో, చుక్క వేస్తే చెదరకుండా అడుక్కి దిగాలని ఫోన్లో చెప్పారా? అయ్యో నా తల్లీ, పోలికలు ఎక్కడికి పోతాయి! మీ ముత్తాత లేచొచ్చి నీ చేతిలో కూర్చున్నట్టుంది. ఆ గ్లాసు పక్కన పెట్టు. పెట్టమన్నానా. ఇలా కూర్చో, చెప్తాను.

మీ ముత్తాతంటే మా మావగారు. నువ్వెలాగూ చూళ్ళేదు, మీ నాన్నకి కూడా లీలగానే గుర్తు. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు ప్రతి పేజీ చదివి, తప్పులు దిద్ది, కింద సంతకం పెట్టాలన్నమాట. ఆయన చదవని పేజీ కింద సంతకం పడదు. యజమాని వచ్చి నెత్తిన కూర్చున్నా, ‘చదివాక పెడతానండి’ అనేవారు, అంతే. ఆ బుద్ధేదో ఆఫీసులో వదిలేసి వస్తే బావుండేది, ఇంటికి కూడా మోసుకొచ్చేవారు. పాలు వస్తే గోటి మీద చుక్క నిలబెట్టి చూడాలి. నేను కొత్తగా కాపరానికొచ్చి, భయపడుతూ కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. ‘పంచదార వేశావా అమ్మా?’ అన్నారు. ‘వేశానండి.’ ‘ఎవరు చూశారు?’ నేను పంచదార డబ్బా తెచ్చి చూపించబోయాను. వెనకనుంచి మా అత్తగారు, ‘ఆ మనిషి మాటలకి బెంగపడకు పిల్లా, పీటల మీద కూర్చుని కూడా ఫొటోలో పిల్ల ఈ పిల్లేనా అని మా నాన్నని నిలదీశాడు’ అంది. ఆవిడ నోరు ఆవిడదీ, ఈయన అనుమానం ఈయనదీ. ఆ ఇంట్లో పొద్దుపోకపోవడం అనేది లేదు.

ఆ, తేనె. మా అత్తగారికి పొడిదగ్గు పట్టుకుంది, తేనె నాకమన్నారు ఎవరో. కొట్లో సీసా తెస్తే మావగారు తిప్పి తిప్పి చూసి, ‘సీసా మీద చీటీలోనే ఇన్ని తప్పులున్నాయి, లోపల ఎన్ని ఉన్నాయో’ అని వాపసు ఇచ్చేశారు. ఊరి చివర ఒక నిమ్మతోట ఉండేది. భార్యా భర్తా ఇద్దరే, చెట్ల మధ్యన తేనెపెట్టెలు పెట్టుకుని బతికేవాళ్ళు. ఆవిణ్ణి అందరూ తేనెత్త అనేవారు. మాట కరుకు, చెయ్యి పెద్దది. ఆవిడ మొగుడికి మాటే లేదు, అంటే మూగవాడు కాదు, ఆవిడ మాట్లాడగా మిగల్లేదు. మావగారు సైకిలేసుకుని వెళ్ళి అక్కడ సీసా కొనుక్కొచ్చారు. ఇక మొదలు! నీళ్ళలో వేసి చూశారు. వత్తికి రాసి వెలిగించి చూశారు. ఆఫీసునుంచి సిరా పీల్చే అద్దుడు కాగితం తెచ్చి దాని మీద వేసి, తడి వెనక్కి దిగుతుందా అని మధ్యాహ్నమంతా దానికేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి కుక్క పరీక్ష. అసలైన తేనెని కుక్క ముట్టదని ఎవరో చెప్పారట. వీధికుక్క పిలవగానే వచ్చింది, తేనె నాకింది, నేల నాకింది, మావగారి చెయ్యి కూడా నాకింది. ఆయన దిగులుపడిపోయారు పాపం. ‘తప్పు కుక్కదేమో, దాన్ని దిద్దండి’ అంది మా అత్తగారు. తీరా చూస్తే సీసా ఖాళీ. నోట్లో వేసుకోవడానికి బొట్టు లేదు! మళ్ళీ వెళ్ళి ఇంకో సీసా తెచ్చారు. దగ్గు తగ్గిందా అంటావా? పరీక్షలు పూర్తయ్యేలోపు అదే విసుగొచ్చి పోయింది.

కానీ చూడు, ప్రూఫులాయన రెండోసారి కొన్నాడన్న మాట వీధిలో పాకింది. ఆయన ‘బాగుంది’ అనలేదు, ఆయన నోటివెంట ఆ మాట రానేరాదు. అయినా, ఆయనంతటి మనిషి మళ్ళీ వెళ్ళాడంటే చాలు కదా! ‘మేస్టారూ, మాకూ ఒకటి తెచ్చిపెట్టరూ’ అని ఈవిడా, ‘మా పిల్లలకి పరీక్షలు, మాకూ ఒకటి’ అని ఆవిడా. సైకిలు వెనక గోనెసంచిలో సీసాలు గలగలలాడుతూ వచ్చేవి. తేనెత్త దశ తిరిగింది, కొత్త పెట్టెలు కూడా చేయించుకుంది. మావగారికి మాత్రం నిద్ర పట్టేది కాదు. ‘ఇంతమంది పిల్లలు నా మాట మీద తింటున్నారు’ అనేవారు. ‘మీరు మాటెక్కడ ఇచ్చారు?’ అనేది మా అత్తగారు. ‘ఇవ్వకుండానే తీసుకున్నారు కదా, అదే ఎక్కువ భయం’ అనేవారు.

ఆయన భయపడ్డట్టే అయింది. వానలు పడుతున్నాయి. సీసాల కోసం వెళ్తే, తోట గేటు దగ్గర బండిలోంచి పంచదార బస్తాలు దింపుతున్నారు! తేనె అమ్మే ఇంటికి పంచదార బస్తాలు! ఖాళీ సంచితో ఇంటికొచ్చారు. ఆ రోజు అన్నం తిన్లేదు. ఆయన నోరు తెరవకముందే, అప్పట్లో సీసా వాపసు పుచ్చుకున్న కొట్టువాడు తెరిచాడు, ‘ఆ బస్తాలు మా కొట్లోవేనండీ, నేనే పంపాను’ అని. వీధి వీధంతా మా గుమ్మంలో ఉంది. ‘మా పిల్లల చేత పంచదార పాకం తాగించారా మేస్టారూ!’ ఒక్క సీసా కొన్నవాళ్ళు లేరు ఆ పైన. మా వీధి మానేస్తే పక్క వీధీ మానేసింది.

నన్ను సాక్షిగా తోడు తీసుకుని తోటకి వెళ్ళారు. నేను కడుపుతో ఉన్నానని కూడా చూడకుండా. ‘పంచదార ఎందుకు తెచ్చారు?’ అని నిలబడే అడిగేశారు. తేనెత్త దాస్తే ఒట్టు. ‘ఈగలకి! వానల్లో పూలెక్కడున్నాయి, వాటికి ఆకలెయ్యదా? నీళ్ళలో కలిపి పెడతాను. అది అవి తినడానికి. పూత వచ్చేదాకా నేను తేనె తియ్యను.’ ‘తియ్యరని నాకెలా తెలుస్తుంది?’ ఆవిడకి ఒళ్ళు మండింది. ‘అంత అనుమానమైతే వానలు పోయేదాకా ఇక్కడే కూర్చుని చూసుకోండి అన్నగారూ!’ అని చెయ్యి విసిరింది. ఎవరైనా ఏం చేస్తారు? మొహం ముడుచుకుని వచ్చేస్తారు. మావగారు వాళ్ళ వరండాకేసి చూసి, ‘సరే. కుర్చీ ఉందా?’ అన్నారు.

నవ్వకే, నిజం. అప్పటికి ఉద్యోగం మానేశారులే. పొద్దున్నే గొడుగు, క్యారేజీ పట్టుకుని వెళ్ళడం, వాళ్ళ వరండాలో పెట్టెలకేసి చూస్తూ కూర్చోవడం, చీకటి పడితే రావడం. ఒకనాడు ఈగ ముక్కు మీద కుట్టింది. బెండకాయంత ముక్కు కాస్తా వంకాయంత అయింది. మర్నాడు నెత్తిమీంచి దోమతెర కప్పుకుని సైకిలెక్కారు, వీధిలో పిల్లలు జడుసుకున్నారు. ‘లోకంలో అందరూ కొడుకుల్ని ఇల్లరికం పంపిస్తారు, నేను మొగుణ్ణి పంపించాను’ అని మా అత్తగారు కనబడినవాళ్ళందరికీ చెప్పేది. తేనెత్త కూడా మొదట్లో చిటపటలాడింది. తర్వాత్తర్వాత, ‘ఊరికే కూర్చున్నారుగా అన్నగారూ, ఈ చిక్కుళ్ళు ఒలవండి’ అని చేట ఒళ్ళో పెట్టేది. ఆయన ఒలిచేవారు, కళ్ళు మాత్రం పెట్టెల మీదే. చిక్కుళ్ళలో పురుగులు కూరలోకి వెళ్ళేవట.

నిమ్మ పూసింది. పెట్టెల మీద కొత్తగా పై అరలు పెట్టింది, అవి ఖాళీగా ఉన్నాయని ఆయన స్వయంగా వంగి చూశారు. కొన్నాళ్ళకి అవి నిండాయి. కింద అర వాటికే వదిలేసి, పైది మాత్రం తీసి, మొగుడూ పెళ్ళాం సీసాలన్నీ తోపుడుబండి మీద పేర్చుకుని సరాసరి మా గుమ్మం ముందు ఆపారు. వీధంతా మూగింది. తేనెత్త కళ్ళల్లో భయం అప్పుడు చూశాను నేను. ఆ బండి అమ్ముడవకపోతే పెట్టెలమ్ముకుని పోవడమే. ‘చెప్పండి అన్నగారూ. వానలన్నాళ్ళూ చూశారుగా. ఒక్క మాట చెప్పండి’ అంది. మావగారు లేచి కండువా సర్దుకున్నారు. ‘చూశాను. పెట్టె ముట్టలేదు’ అన్నారు. ఆవిడ ఊపిరి వదిలింది. ‘కానీ ఒక రోజు నేను వెళ్ళలేదు. ఆ రోజు సంగతి నాకు తెలీదు.’

ఏ రోజనుకున్నావు? మీ నాన్న పుట్టిన రోజు! తేనెత్త నెత్తి కొట్టుకుంది. ‘ఆ రోజు పిల్లాణ్ణి చూడ్డానికి నేను మీ ఇంటికే వచ్చాను కదండీ! సాయంత్రందాకా మీ పక్కనే కూర్చున్నాను కదండీ!’ ‘మీరొచ్చారు. మీ ఆయన రాలేదు.’ అందరూ ఆ మనిషికేసి తిరిగారు. ఆయన గొంతు మేం వినడం అదే మొదలు. ‘నేను పడుకున్నా’ అన్నాడు. ‘ఎవరు చూశారు?’ అన్నారు మావగారు.

గుమ్మంలో నవ్వులే నవ్వులు. కొట్టువాడు, ‘చూశారా, అనుమానం ఉందంటున్నారు!’ అని అందుకోబోయాడు. ఎదురింటి ఆవిడ, వాడి మాట విననట్టే బండి దగ్గరికెళ్ళి రెండు సీసాలు చంకన పెట్టుకుంది. ‘తప్పిపోయిన ఒక్క రోజూ దాచుకోలేని మనిషి మిగతా రోజులు అబద్ధం చెప్తాడా? జరుగు!’ అంది. బండి ఖాళీ. మావగారు ఇంటింటికీ వెళ్ళి, ‘నేను బాగుందనలేదు సుమా’ అని చెప్పి వచ్చారు. చెప్పినకొద్దీ ఇంకో సీసా కావాలన్నారు.

అక్కడితో ఊరుకున్నారా? మరుసటి వానలకి మళ్ళీ వెళ్ళారు, తప్పిన రోజు లేకుండా పూర్తి చెయ్యాలని. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. జ్వరం, ఎవరిదో పెళ్ళి, దారి మునగడం. ఒక ఏడు అన్ని రోజులూ కుదిరాయి గానీ, మధ్యలో కునుకు పట్టిందని ఆయనే బయటపెట్టుకున్నారు. ఏటా ‘నేను చెప్పలేను’ అనేవారు, ఏటా బండి ఖాళీ అయ్యేది.

ఆఖరి ఏడు మాత్రం వానలు తగ్గుముఖం పట్టేదాకా ఒక్క రోజు తప్పలేదు, కునుకూ లేదు. అప్పుడు పడ్డారు మంచాన. లేవలేరు, కళ్ళు గుమ్మం వైపే. ‘ఇవాళ అక్కడెవరున్నారు?’ అన్నారు. మా అత్తగారు కాళ్ళు పడుతూ, ‘కోడల్ని పంపాను, పడుకోండి’ అంది. నేను గుమ్మం ఇవతల, ఆయనకి కనబడని చోట ఉన్నాను మంచినీళ్ళు పట్టుకుని. ఆ మాట వినగానే గ్లాసు అక్కడే పెట్టేసి, గొడుగు తీసుకుని వెళ్ళాను. ఆవిడ మాట అబద్ధం కాకూడదు కదా! తేనెత్త నన్ను చూసి సంగతి విని, కుర్చీ లాగింది. సాయంత్రందాకా కూర్చుని వచ్చాను. ‘ముట్టారా?’ అన్నారు. ‘లేదు మావగారూ.’ ‘కునుకు తీశావా?’ ‘లేదండీ.’ నా మొహంకేసి చూశారు, పేజీ చదివినట్టు. ‘ఈ ఏడు తేనె మంచిది. నేను చెప్పానని వీధిలో చెప్పు’ అన్నారు. మా అత్తగారు కాళ్ళు పట్టడం ఆపేసి, ‘ఇంకా పూతే రాలేదు కదండీ, తేనెక్కడుంది!’ అంది. ‘అయినా సరే’ అన్నారు.

మిగిలిన వానలకి నేనే వెళ్ళాను, ఎవరూ వెళ్ళమనకుండానే. పూత వచ్చేసరికి ఆయన లేరు. తేనెత్త బండి తెచ్చి మా గుమ్మం ముందు ఆపింది. వీధంతా ఉంది. చెప్పమన్నారు కదా, చెప్పాలి కదా నేను. గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచాను గానీ, ఆయన పోయిన రోజు నేను వెళ్ళలేదు కదా, ఆ మాటే ముందొచ్చింది...

ఏమిటది, చంటాడా? లేచినట్టున్నాడు. వెళ్ళు వెళ్ళు, వాడు ఏడవకముందే ఎత్తుకో. ఆ సీసా పై అరలో పెట్టు, ఏడాది నిండేదాకా వాడికి తేనె పెట్టకూడదు. వెళ్ళవే, నాకేసి చూస్తావేం?