గీత లోపలి నీళ్ళు

2007 ఎండాకాలం. ఉద్దానంలో జీడితోట పక్కన రేకుల షెడ్డు, లోపల నీళ్ళు శుద్ధిచేసే మిషను. ఇదివరకు కంపెనీ పేరుతో పలాసలో నీళ్ళ ప్లాంటు నడిపిన ఎడ్విన్, అతని తల్లి జీవరత్నమ్మ, విశాఖపట్నం నుంచి కారులో దిగిన కంపెనీ మేనేజరు తిరుమలరావు. ఆయన అరగంటగా బూట్ల ఇసక దులుపుకుంటూనే ఉన్నాడు.

"అదంతా నాకొద్దు. ఈ ఒప్పందం మీద సంతకం నీదేనా, కాదా?"

"నాదే సార్."

"చదివి పెట్టావా, స్వీట్లు పెట్టారని పెట్టావా?"

"సదివే ఎట్టేను. పలాస ప్లాంటు మూసినాక మూడేళ్ళు, అక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్ల లోపల నీళ్ళ యాపారం సెయ్యకూడదు. మూసింది నాను కాదు, మీరు."

"ఎవరు మూస్తే ఏం? ఇదిగో మ్యాపు. పలాసలో ముల్లు గుచ్చి, కంపాస్‌తో గుండ్రంగా గీత గీశారు మా ఆఫీసులో."

"సూత్తన్నాను సార్. మూడోవంతు సముద్రంలో పడింది."

"పడితే?"

"అక్కడా నీళ్ళు అమ్మకూడదేటి?"

"వెటకారమా?"

"కాదు సార్, తెలుసుకుందారని."

"బాబూ, ఎండని పడొచ్చేరు. గలాసుడు నీళ్ళు తెమ్మంతారా?"

"వద్దమ్మా. మీ ఇంటి నీళ్ళు నాకు పడవు. వస్తూ టెక్కలిలో మా డీలరు దగ్గర సీసా కొనుక్కున్నాను."

"ఆ సీసా మూత ఓపాలి సూత్తాను..."

"అమ్మా, నువ్వూరుకో."

"నానేటన్నాను?"

"చూడనీవయ్యా, పాపం. సీసా మూత కూడా వింతే వీళ్ళకి. చూశావా ఎడ్విన్, సీలు, లేబులు. ఎంత తియ్యగా ఉన్నాయో. మీ బోరునీళ్ళు జన్మలో ఇలా అవుతాయా?"

"అవ్వవంతారు."

"మా టెక్కలి డీలరు ఢిల్లేశ్వరరావుని చూసి నేర్చుకో. అక్కడ ప్లాంటు కూడా అతనిదే. ఈ గీత లోపలి ఊళ్ళన్నీ అతనికే రాసిచ్చాం."

"రాసిచ్చేరు. మా ఊరు ఒక్క కేనైనా పంపేడేటి సార్? ఇక్కడ ఏ ఈధికెల్లినా కిడ్నీ జబ్బోల్లే. బోరునీళ్ళు ముట్టాలంటే బయం. నా కేన్లే దిక్కు."

"భయం గురించి ఒప్పందంలో ఏమీ లేదు. అంతగా ఉంటే ఇచ్ఛాపురంలో పెట్టుకో. అది గీత బయటే."

"అక్కడ నింపి ఇక్కడికి తెచ్చుకోవచ్చా?"

"తేకూడదు. అమ్మకం గీత లోపల అవుతుంది కదా."

"మరి ఊరోల్లు?"

"ఇచ్ఛాపురం వెళ్ళి తాగమను. వాళ్ళనెవరూ ఆపలేదు."

"అమ్మెట్టదు, అడుక్కు తిన్నివ్వదు అన్నట్టుంది సార్."

"సామెతలు కోర్టులో చెప్పుకో. బయట ఆటోలో ఆ అట్టపెట్టెలు ఎక్కడికి?"

"ఎక్కడికో."

"ఎక్కడికో అంటే?"

"వొచ్చినోడు ఒట్టుకెల్తాడు. మనకెందుకు సార్."

"ఎందుకో తర్వాత చెప్తాను. మిషనుకి నేనే సీలు వేస్తాను. ఇదిగో కాగితం, ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టు. లేదా కోర్టుకి రా, ఈ షెడ్డు రేకులు కూడా మిగలవు."

"ఒక్క నెల ఆగండి సార్. ఎండలు తగ్గనీండి. ఊరంతా..."

"ఒక్క పూట ఆగను. ఈ మిషన్లోంచి ఒక్క చుక్క బయటికి రాకూడదు."

"ఎట్టేయ్‌రా ఎడ్వినూ."

"అమ్మా, నీకు తెల్దు."

"తెలుసురా. ఎట్టేయ్. బాబు తాగడం కూడా అయిపోయింది."

"నేను తాగితే ఏమిటమ్మా?"

"టెక్కల్లో మీ ఢిల్లేశ్వరరావు బాబు మిషను కాలిపోయి రెండు నెల్లయింది. ఆ ఆటో ఆయన్దే. ఖాళీ సీసాలూ లేబుల్లూ ఆయనే పంపుతాడు."

"అమ్మా, సెప్పొద్దన్నాడు కదే."

"ఆయన సరుక్కి గురుతని మూత మీద ఎర్రసుక్క నానే ఎడతాను. మీ సేతిలో దానికీ ఉంది బాబూ, సూసుకోండి."