చీపురు పుల్లతో కొలిచిన లారీ

"లారీ సంగతి నాకొదిలెయ్ ముకేష్. క్యామ్‌షాఫ్ట్ మార్చడమంటే నాకు చొక్కా మార్చుకున్నంత పని," అని మా ఆయన మొదలుపెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం. మా టాబియా ఇంటి వరండాలో చాప పరిచి, మధ్యలో మత్తువేరు పొడి నీళ్ళలో పిసికిన గ్రోగ్ గిన్నె పెట్టుకుని ముగ్గురు కూచున్నారు. మా ఆయన లచ్మన్, ఆయన మేనల్లుడు ముకేష్, పక్కింటి టాక్సీ సతేంద్ర. నేను గుమ్మం లోపల పీట మీద కూచుని కొబ్బరి తురుముతున్నాను. మగవాళ్ళ మాటల్లోకి వెళ్ళే అలవాటు నాకు లేదు.

ముకేష్ లారీ వాకిట్లో నిలబడి ఉంది. దాని క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది. కొత్తది తెచ్చి సీటు మీద పెట్టుకున్నాడు. బుధవారం నుంచి లంబాసా మిల్లు చెరుకు ఆడుతుంది, లారీ కదలకపోతే కోసిన చెరుకు పొలంలోనే ఎండిపోతుంది. ఏ గరాజీకి వెళ్ళినా ఇప్పుడు ఖాళీ లేదన్నారట. అందుకని తాళంచెవి చాప మీద పెట్టి, "మామా, నువ్వు చెయ్యగలవా?" అన్నాడు.

ఆ మాట కోసం మా ఆయన ఎంత కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. పనిచేసే గరాజీ మూతపడ్డాక, చేతులు కొంచెం వణకడం మొదలయ్యాక, ఈయనకి ఎవరూ ఇంజను అప్పగించలేదు. ఔనని ఒక్క మాట అంటే సరిపోయేది. ఈయనకి ఒక్క మాటతో ఆగడం రాదు.

"ఇక్కడ దొరల జెండా దిగిన మరుసటేటి సంగతి. అప్పుడు నాకో ఎర్ర లారీ ఉండేది. దాని క్యామ్ ఇలాగే అరిగింది. క్యామ్ అంటే ఏమనుకున్నావ్? ఇంజను కడుపులో తిరిగే కడ్డీ, దాని నిండా గుడ్ల లాంటి బొడిపెలు, బొడిపె లేచి పుష్‌రాడ్డుని తంతుంది, పుష్‌రాడ్డు రాకరుని తంతుంది, రాకరు వాల్వు నెత్తిన మొడుతుంది, పాపం వాల్వు కిందికి దిగుతుంది, స్ప్రింగు మళ్ళీ దాన్ని పైకి లాగుతుంది. సంసారం లాంటిదే అనుకో, ఎవరి తన్ను వాళ్ళు సరిగ్గా తన్నాలి."

"మీ ఇంట్లో తన్నేదెవరు భయ్యా?" అన్నాడు సతేంద్ర.

"నువ్వు గ్రోగ్ పొయ్యి. కొత్త క్యామ్ పడితే పాత కొలతలు పనికిరావు. స్ప్రింగు ఎత్తు కొలవాలి, పుష్‌రాడ్డు పొడుగు కొలవాలి. గరాజీలో గేజీలుంటాయి, నా దగ్గరేముంది? కొబ్బరి ఈనెల చీపురుంది. ఒక పుల్ల లాగాను, స్ప్రింగు కూచునే చోటికీ పైన టోపీకీ మధ్య సరిగ్గా ఇమిడేటట్టు గోటితో తుంచాను. అదే గేజీ! ఇంక పుష్‌రాడ్డుకి ఏం చేశానో తెలుసా? పాతదాన్ని నడిమికి కోసి మధ్యలో బోల్టు పెట్టాను, ఇటు తిప్పితే పొడుగు, అటు తిప్పితే పొట్టి. మీ మామీ కుంకం కొబ్బరినూనెలో కలిపి వాల్వు నెత్తిన బొట్టు పెట్టాను. ఇంజను చేత్తో తిప్పితే రాకరు ఆ బొట్టుని రుద్దుతుంది. రుద్దిన గీత నడినెత్తిన పడితే పొడుగు కుదిరినట్టు. పక్కకి జరిగితే మళ్ళీ తిప్పు, మళ్ళీ కొలువు."

ఇంతవరకూ నిజమే. ముకేష్ ముందుకి జరిగాడు. "కుంకంతోనా! బాగుంది మామా."

అక్కడ ఆపితే ఎంత బాగుండేది! బాగుందని ఎవరైనా అంటే ఈయనకి పట్టపగ్గాలుండవు.

"బాగుండటమా? స్టార్ట్ చేశాను చూడూ, చప్పుడు లేదు! ఆగిపోయిందేమోనని చెయ్యి పెట్టి చూశాను, తిరుగుతోంది. ఎంత మెత్తగా తిరుగుతోందంటే, మా పెట్ట వచ్చి ఇంజను మీద గుడ్డు పెట్టింది, గుడ్డు దొర్లలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెరుకు వేసుకుని కొండెక్కాను. నా లారీకి ఎంత పడుతుందో అంతా వేశాను, పక్కవాడిదీ వేశాను, వాడి ఎద్దులు అలిసిపోయాయంటే వాటినీ ఎక్కించాను. ఒక్క గేరు మార్చలేదు. కొండే కాస్త ఒంగింది."

ముకేష్ నవ్వాడు. నవ్వుతూనే చాప మీది తాళంచెవిని వేలితో తన వైపుకి జరుపుకున్నాడు. సతేంద్ర చూడలేదు. మా ఆయన చూశారు. చూసి ఇంకా గొంతు పెంచారు.

"దిగుడులో చూడాలి దాని పరుగు! నీడ వెనకబడిపోయింది. మిల్లు గేటు దగ్గర ఆపుదామంటే ఆగితేనా? అందరూ 'లచ్మన్, లచ్మన్' అని అరుస్తున్నారు, నేను చెయ్యి ఊపుతున్నాను, రేవు వచ్చింది, రేవు అయిపోయింది, సముద్రం!"

"మునిగావా భయ్యా?"

"మునగడానికి టైమేదీ? టైర్లు తడవడానికి కూడా టైము లేదు. ఓడ ఒకటి అడ్డం వచ్చింది, హారన్ కొట్టాను, తప్పుకుంది. ఎదురుగా, అవతలి దీవిలో ఉండాల్సిన లౌటోకా! తిన్నగా లౌటోకా మిల్లులోకి వెళ్ళి చెరుకు దింపేశాను. వాళ్ళు చెరుకు చప్పరించి, 'ఇది టాబియా తీపి, ఇక్కడికెలా వచ్చింది?' అని ఒకటే ఆశ్చర్యం. తిరిగొచ్చి ఇంటి ముందు ఆపేసరికి మీ మామీ పోసిన టీ ఇంకా పొగలు కక్కుతోంది. రేడియేటర్ మూత తీస్తే ఇంత చేప!"

చేప ఎంతో చూపించడానికి రెండు చేతులూ చాచారు. చేతిలో ఉన్న చిప్ప వణికి గ్రోగ్ సగం ఒలికిపోయింది.

సతేంద్ర పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ముకేష్ నవ్వడం మానేశాడు. ఒలికిన గ్రోగ్ వంక చూశాడు, ఆ చేతుల వంక చూశాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "సరే మామా, బులిలేకాలో ఇంకొకతను ఉన్నాడట, అడిగి చూస్తాను," అని లేవబోయాడు.

మా ఆయన చేతులు ఇంకా చేపంత వెడల్పున అలాగే ఉన్నాయి. దించడం మర్చిపోయారు.

నాకు ఏమైందో తెలీదు. "ఆ లారీలో నేనూ ఉన్నాను," అన్నాను.

ముగ్గురూ గుమ్మం వైపు తిరిగారు.

"నువ్వా? నువ్వు నిద్రపోయావు," అన్నారు మా ఆయన.

"నిద్రపోలేదు. తోశాను."

సతేంద్ర నోట్లో గ్రోగ్ చాప మీద పడింది. "తోశావా భౌజీ! సముద్రం మీదా?"

"సముద్రం దాకా ఎక్కడ వెళ్ళింది. మొదటి కొండ మలుపులోనే ఆగిపోయింది," అన్నాను. తురుముడుపీట వైపు చూస్తూ చెప్పాను, వాళ్ళ వైపు చూస్తే చెప్పలేను. "ముందు రోజు తొందరలో ఒక్క స్ప్రింగు కొలిచి, మిగతావన్నీ అంతే అనుకున్నారు. ఒకటి వదులుగా ఉంది. పుష్‌రాడ్డు ఎగిరిపోయింది. ఇద్దరం లారీని తోసి పక్కన పెట్టాం."

"ఏమే, అవన్నీ ఇప్పుడు ఎందుకు?" అన్నారాయన మెల్లగా.

"పైన చెరుకు, నెత్తిన ఎండ. ఇంకొకరైతే వదిలేసి వెళ్ళేవాళ్ళు. ఈయన రోడ్డు పక్కనే అన్నీ మళ్ళీ విప్పారు. ప్రతి స్ప్రింగు కిందా చీపురు పుల్ల పెట్టి చూడటం, వదులున్న చోట వాషరు రాతి మీద అరగదీసి స్ప్రింగు కింద దూర్చడం. ఎగిరిన రాడ్డు వంగిందేమోనని అద్దం మీద దొర్లించి చూశారు. స్ప్రింగు తీస్తే వాల్వు లోపలికి జారిపోతుంది కదా, అందుకని ప్లగ్గు కన్నంలోంచి తాడు కూరి కింద నిలబెట్టారు. నేను హ్యాండిల్ తిప్పుతూ ఉన్నాను. అన్నిటి మీదా బొట్టు గీత మధ్యలో పడేదాకా వదల్లేదు. మిల్లుకి అందరికన్నా వెనక చేరాం. కానీ ఆ ఏడు చెరుకు అయిపోయేదాకా ఆ లారీ మళ్ళీ ఆగలేదు."

"రోడ్డు మీద తాడెక్కడిది భౌజీ?" అన్నాడు సతేంద్ర.

"నా లంగా బొందు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "తాడు సంగతి మాత్రం అడక్కు," అన్నాను.

మా ఆయన తల వంచుకుని పకపకా నవ్వేశారు. సతేంద్రకి సగం అర్థమై పెద్దగా నవ్వాడు. ముకేష్ మాత్రం లేచినవాడు మళ్ళీ కూచున్నాడు.

"రోడ్డు పక్కన, అన్నీ మళ్ళీ కొలిచావా మామా?"

"కొలవకపోతే ఎలా? అన్నీ ఒకేలా ఉండవురా," అన్నారు మా ఆయన. ఆ మధ్యాహ్నం అంతా అంత చిన్న గొంతుతో ఆయన అన్న మాట అదొక్కటే. వెంటనే గొంతు సవరించుకుని, "సముద్రం దాటింది తర్వాతి ట్రిప్పులో. దానికి మీ మామీ రాలేదు," అన్నారు.

"సముద్రం దాటించే మెకానిక్కు నాకొద్దు మామా. లంబాసా దాకా వెళ్తే చాలు," అన్నాడు ముకేష్. జేబులోంచి తాళంచెవి తీసి గుమ్మం మీద, నా పక్కన పెట్టాడు. "మామీ, ఇంజను తిప్పేది నువ్వేనా?"

నేను తల ఊపాను. ఎవరు చూశారో లేదో.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే దేవుడి దగ్గర కుంకం బరిణె లేదు, మూల చీపురూ లేదు. రెండూ లారీ దగ్గరున్నాయి, పక్కనే మా ఆయన బానెట్ ఎత్తి నిలబడి ఉన్నారు. పుల్ల నా చేతికిచ్చి, "నువ్వు పట్టుకో, నా చెయ్యి కదులుతోంది," అన్నారు.

కాసేపటికి ముకేష్ వచ్చాడు. నా వంక చూడకుండా, బజార్లో కొన్న కొత్త తాడు చుట్ట బంపరు మీద పెట్టి వెళ్ళాడు.